పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ తెరవకండి

నల్లగొండ, పాలమూరు రైతులు, ఇంట్లో పెద్దోళ్ల ఫోన్ చూసిపెట్టే పిల్లలు ఇది తప్పక చదవండి.

"వ్యవసాయ శాఖ నుంచి మాట్లాడుతున్నం, మీ ఈకేవైసీ (ఆధార్‌తో చేసే గుర్తింపు నిర్ధారణ) ఆగింది, ఈసారి పీఎం కిసాన్ రెండు వేలు పడవు" అని ఫోన్ వస్తుంది. ఆ వెంటనే వాట్సాప్‌లో ఒక ఫైల్. పైన ప్రభుత్వ ముద్ర ఉన్నా పేరు చివర చూడండి, ఏపీకే (.apk) అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటే అది దొంగ యాప్. ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు పేర్లతోనూ ఇదే పంపుతున్నారు.

ఓటీపీ చెప్పకపోతే చాలని చాలామంది ధైర్యం. వీళ్లు ఓటీపీ అడగనే అడగరు. ఆ యాప్ ఇన్‌స్టాల్ అవుతూ మెసేజ్‌లు చదవడానికి అనుమతి కోరుతుంది, 'అలౌ' నొక్కితే బ్యాంకు పంపే ఓటీపీ నేరుగా వాళ్లకు చేరుతుంది. కొన్నైతే మీ వాట్సాప్ నుంచే మీ గ్రూపులన్నింటికీ అదే ఫైల్ పంపుతాయి. అందుకే సొంత బావ నంబర్ నుంచి వచ్చినా నమ్మొద్దు.

ఈకేవైసీ మీసేవలో వేలిముద్రతో అవుతుంది. అనుమానముంటే రైతు వేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి.

ఇన్‌స్టాల్ చేసేశారా? ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కొట్టండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. ఏ ఖాతా, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబర్, ఇవి చేతిలో ఉంచుకోండి. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారి చివరికి ఏటీఎంలో డ్రా అయిపోతాయి. ఖాతాలో ఉండగానే చెబితే బ్యాంకు ఆపగలదు. రేపు పొద్దున స్టేషన్‌కు పోదామని ఆగితే ఆ అవకాశం పోతుంది.

ఫోన్ రీసెట్ కొట్టే తొందర వద్దు. ఆ నంబర్, చాటింగ్, ఫైల్ పేరు ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ గుర్తు కనిపించట్లేదంటే పోయినట్టు కాదు, దాక్కునేవి ఉన్నాయి. రీసెట్ తర్వాత ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్ (మీకొచ్చే కాల్స్ వేరే నంబర్‌కు మళ్లడం) రద్దవుతుంది. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైజెస్ చూసి తెలియనివి తీసేయండి. పిన్‌లన్నీ మార్చండి.

ఎవరైనా వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సుతో కనపడి 'మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం' అని బెదిరిస్తే ఫోన్ పెట్టేయండి, చట్టంలో అట్లాంటి అరెస్టే లేదు.

ఫిర్యాదు ఇచ్చాక "మీ పైసలు రికవరీ చేయిస్తం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకొకడు ఫోన్ చేస్తే వాడూ దొంగే. సైబర్ పోలీసులు ఫిర్యాదుకు రూపాయి కూడా తీసుకోరు.