డిలన్ మోరనా, టామీ టియర్నానా: ఐరిష్ స్టాండప్ ఎవరితో మొదలుపెట్టాలి?

ఇద్దరూ ఐర్లండ్‌లోని నావన్ పట్టణంలో పెరిగినవాళ్లే. స్కాట్లండ్‌లో ఏటా జరిగే ఎడిన్‌బరో ఫ్రింజ్ కళల పండుగలో కామెడీకిచ్చే పెరియర్ అవార్డు మోరన్‌కి 1996లో, టియర్నాన్‌కి 1998లో వచ్చింది. పోలిక దాదాపు అక్కడితో సరి.

యాస: మోరన్ నిదానంగా, మాట నములుతూ చెబుతాడు. సబ్‌టైటిల్స్ ఉంటే హాయిగా అర్థమవుతుంది. టియర్నాన్ ఊపందుకుంటే గుసగుస నుంచి గావుకేక దాకా ఒక్క బిగిన వెళ్తాడు. కొత్తవాళ్లకు సగం జారిపోతుంది.

నొచ్చుకునే రిస్క్: మోరన్‌తో తక్కువ. పెళ్లి, వయసు, బద్ధకం గురించి గొణుగుతాడు; పాత షోల్లో అయితే పక్కన వైన్ గ్లాసు కూడా ఉండేది. టియర్నాన్ మతం జోలికి నేరుగా వెళ్తాడు, వివాదాలూ చూశాడు. ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని చూడాలంటే టెన్షనే.

ఖర్చు: ఇద్దరి క్లిప్పులూ యూట్యూబ్‌లో ఉచితమే.

స్టేజీ దాటితే: మోరన్‌కి ‘బ్లాక్ బుక్స్’ ఉంది. 2000లో మొదలైన ఈ టీవీ కామెడీ సిరీస్‌లో కొనడానికి వచ్చినవాళ్లను కసురుకునే పుస్తకాల షాపు ఓనరుగా చేశాడు. టియర్నాన్ మాత్రం 2009లో ఐర్లండ్‌లోని గాల్వేలో 36 గంటలకు పైగా ఏకధాటిగా స్టాండప్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టాడు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఐర్లండ్ ప్రభుత్వ చానల్ ఆర్‌టీఈలో అతని టాక్ షో. ఎదురుగా వచ్చి కూర్చునేదాకా అతిథి ఎవరో అతనికే తెలియదు! ముందే రాసుకున్న ప్రశ్నలుండవు కాబట్టి నిజంగా వింటాడు.

మాటల పొందిక ఇష్టమైతే, లేదా ఐరిష్ యాస కొత్తయితే మోరన్. ఆ యాస అలవాటై, ఒంటరిగా చూసే వీలుంటే టియర్నాన్.