కిట్ డబ్బాలో వచ్చేది సగం వ్యాగనే

విడిభాగాలుగా డబ్బాలో వచ్చే కిట్లతో మోడల్ రైలు వ్యాగన్లు కట్టడం ఎనిమిదేళ్ల కింద మొదలుపెట్టా. ఇప్పటికి ముప్పై ఒక్క గూడ్సు వ్యాగన్లు పూర్తయ్యాయి, నాలుగు సగంలో ఆగి చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి, రెండు చెత్తబుట్టలోకి పోయాయి. అన్నీ హెచ్‌ఓ స్కేలువే, అంటే అసలు బండిలో 87వ వంతు. ఉండేది కావలి, పని చేసుకునేది మేడ మీద గదిలో. ఈ కిట్లు కొనొచ్చా, పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉంటాయా అని అడిగేవాళ్లకి ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నా.

కొనొచ్చు. కాకపోతే డబ్బాలో వచ్చేది సగం వ్యాగనే, మిగతా సగం ఫోటోల్లోంచి మనమే తెచ్చుకోవాలి. ఈ ముక్క డబ్బా మీద ఎవరూ రాయరు.

నేను మొదట కొన్నది అక్యురెయిల్ అనే కంపెనీ వాళ్ల నలభై అడుగుల బాక్స్‌కార్, అన్ని పక్కలా మూసి ఉండే అమెరికా గూడ్సు పెట్టె. మన బండ్లకి అప్పట్లో నాకు కిట్ దొరకలేదు, దొరికిందానితో చెయ్యి తిప్పుకుందాం అనుకున్నా. బాడీ మొత్తం ఒకే అచ్చులో వస్తుంది, బోగీలూ (అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రాలు) కప్లర్లూ (ఒక బండిని ఇంకోదానికి తగిలించే కొక్కేలు) డబ్బాలోనే ఉంటాయి, సాయంత్రం ఆరింటికి కూర్చుంటే అన్నానికి పిలిచే లోపు బండి పట్టాల మీద ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇప్పటికీ దీన్నే చెప్తా. పట్టుకుని ఎక్కే కమ్మీలు బాడీతో పాటే పోతపోసి ఉంటాయి, రెండడుగుల దూరం నుంచి చూస్తే ఆ తేడా కనపడదు. మూడు నెలలు ఆ బండిని చూసుకుని మురిసిపోయా.

ఆ మురిపెం పోగొట్టింది ఒక ఫోటో. జాక్ డెలానో అని ఒక ఫోటోగ్రాఫరు అమెరికా ప్రభుత్వం తరఫున 1942, 43లో రైల్వేల మీద బోలెడు ఫోటోలు తీశాడు, అవన్నీ వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా పెద్ద సైజులో ఉచితంగా దించుకోవచ్చు. 1942 డిసెంబర్లో షికాగో యార్డును ఎత్తు మీంచి తీసినవి ఉన్నాయి, వరసలు వరసలుగా వ్యాగన్ల కప్పులు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసే ఫోటో పెళ్లి ఫోటో లాంటిది, కొత్త రంగు, నలగని బట్టలు. డెలానోవి అలా కాదు, పెళ్లయిన పదేళ్లకి సోమవారం పొద్దున తీసినట్టు ఉంటాయి. ఒక కప్పు మీద నడిచే పలకలు చెక్కవి, పక్కదాని మీద ఇనప జాలీవి, ఒకదాని మీద మంచు, ఇంకోదాని మీద మసి. పక్కపక్కన నిలబడ్డ రెండు బాక్స్‌కార్లు ఒకేలా లేవు.

అప్పుడు నా బండి మీద ఏ రైల్వే పేరుందో ఆ రైల్వే వ్యాగన్ల ఫోటోలు వెతికా. చివరి గోడ మీద రేకుని నొక్కి గట్లు తీసి ఉంటారు, బలం కోసం. వాటి లెక్క కలవలేదు. తలుపు రకం కలవలేదు. కప్పు కూడా వేరే. తయారీదారు ఒకే బాడీ అచ్చు మీద ఇరవై రైల్వేల పేర్లు వేసి అమ్ముతాడు, వాటిలో కొన్నిటికే అది నిజంగా సరిపోతుంది. మోసం అని కాదు, ఈ వ్యాపారమే అంత. కొనే ముందు ఫోటో చూసుకోవాల్సింది మనం, నేనేమో కొన్నాక చూశా.

ఆ తర్వాత అలవాటు మార్చుకున్నా. ముందు సంవత్సరం రాసుకుంటా, ఆ తర్వాతే డబ్బా తెరుస్తా. ఎందుకంటే అమెరికాలో 1933 నుంచి కొత్త వ్యాగన్లకి ఏబీ రకం బ్రేకు వచ్చింది, పాత కే రకం బ్రేకులు 1950ల మొదటి దాకా తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి 1920ల్లో పుట్టిన బండిని 1940కి చేస్తే దాని కింద రెండిట్లో ఏదైనా ఉండొచ్చు, ఫోటో చూస్తే గానీ చెప్పలేం. కప్పు మీద నడిచే పలకలు 1966 నుంచి కొత్త వ్యాగన్లకి అక్కర్లేదన్నారు. వ్యాగన్ 1955ది, రంగు 1970ది, పలకలు ఉన్నాయా లేవా? ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు, రాత్రి పన్నెండు దాటిపోతుంది.

తర్వాత టిచీ అనే కంపెనీ కిట్లు చేశా. సన్నని భాగాలు బోలెడు, బ్రేకు సిలిండరు, వాల్వు, గాలి ట్యాంకు అన్నీ విడివిడిగా వస్తాయి. బ్రేకు గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకు తెలిసింది వీటితోనే. ఒక్కో కమ్మీకి రెండేసి రంధ్రాలు చేత్తో వెయ్యాలి, డ్రిల్లు బిట్టు తల వెంట్రుకలా ఉంటుంది, తుమ్మితే విరుగుతుంది.

కమ్మీల దగ్గర నేనొక తెలివి చూపించబోయా. కిట్లో వచ్చేవి కొంచెం లావనిపించి, నెల్లూరులో సంగీత వాయిద్యాల షాపులో గిటార్ మొదటి తీగ కొన్నా, పావు మిల్లీమీటరు మందం, ఒక తీగతో నాలుగు బండ్లకి కమ్మీలు. వంచడం కష్టమే, స్ప్రింగులా ఎగురుతుంది, కానీ వచ్చాక చూడటానికి ఎంత బాగుందో. ఏడాది తిరక్కుండానే కావలి గాలికి అన్నీ తుప్పు పట్టాయి. సముద్రం మాకు ఏడెనిమిది కిలోమీటర్లే కదా. 87వ వంతు బండి మీద నిజం తుప్పు! ఇప్పుడు ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వాడుతున్నా.

రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) కిట్ల గురించి జాగ్రత్త. చిన్న చిన్న తయారీదారులు పోస్తారు, ప్లాస్టిక్ అచ్చులో రాని అరుదైన వ్యాగన్లు వీళ్ల దగ్గరే దొరుకుతాయి, వివరాలూ బాగా తేలతాయి. నాకొచ్చిన ఒకదాంట్లో కుడి పక్క గోడకీ ఎడమ పక్క గోడకీ పొడవులో 0.8 మిల్లీమీటర్లు తేడా, అసలు బండి మీద లెక్కేస్తే ఏడు సెంటీమీటర్లు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. సన్నని ప్లాస్టిక్ పట్టీ అతికించి, అరగదీసి సరిచేసుకున్నా. పైగా మన ఎండలు. రోహిణి కార్తెలో ఆ గోడల్ని మేడ మీద గదిలో వదిలేసి పెళ్లికి ఊరెళ్లా, వచ్చేసరికి అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. వేడి నీళ్లలో ముంచి మెత్తబడ్డాక చదునైన బండ మీద పెట్టి బరువేస్తే దారికొస్తాయి. ఆ బండ చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క, వంటగట్టు వేసినప్పుడు మిగిలింది. పాలిష్ చేసిన గ్రానైటు అంత సమంగా ఉండేవి మన ఇళ్లలో అరుదు. వ్యాగన్ ఫ్రేము దాని మీద పెట్టి నాలుగు మూలల్లో ఏది లేస్తుందో చూస్తే చాలు, వేరే పరికరం అక్కర్లేదు. ఈ ఎనిమిదేళ్లలో కొన్నవాటన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చింది ఆ కొనని ముక్కే.

రంగు మాత్రం కార్తీక మాసంలో వేయకండి. తుఫాను పట్టినప్పుడు స్ప్రే కొడితే గాల్లో తేమకి రంగు తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. నాకు రెండు బండ్లు అలా పోయాయి, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సొచ్చింది.

బరువు సంగతి. అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ వాళ్లు హెచ్‌ఓకి ఒక లెక్క చెప్తారు, ముందు ఒక ఔన్సు, ఆ పైన బాడీ పొడవు ప్రతి అంగుళానికి అర ఔన్సు. నలభై అడుగుల బాక్స్‌కార్‌కి ఇంచుమించు 107 గ్రాములు. తేలిగ్గా ఉంటే మలుపుల్లో పట్టా తప్పుతుంది. నేను వాడేది వలలకి కట్టే సీసం గుండ్లు, చేపల వలల సామాన్ల కొట్లో కిలోల్లో ఇస్తారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి, సీసం మంచిది కాదు.

ఇక అసలు సంగతి, బొగ్గూ ఖనిజమూ మోసే, పైకప్పు లేని మన బాక్స్‌ఎన్ వ్యాగన్. ఇది కిట్ కాదు, ప్లాస్టిక్ షీటు కోసి కట్టుకున్నదే. కానీ కిట్లు కట్టకపోయి ఉంటే ఇది వచ్చేది కాదు. అసలు వ్యాగన్ హెడ్‌స్టాకుల (రెండు చివర్లలో ఉండే అడ్డ దూలాల) మధ్య పొడవు 9,784 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 112.3. బోగీలో ఇరుసుల మధ్య దూరం 2,000, అది 23 అవుతుంది. మిగిలిన కొలతలు ఫోటో నుంచి తీద్దామనుకున్నా. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎదురుగా ఆగిన రేకుని, అంటే వ్యాగన్ల వరసని, ఫోటో తీశా, ఇరుసుల దూరాన్ని కొలమానంగా పెట్టుకుని పక్క గోడ ఎత్తు లెక్కేసి షీటు కోసేశా. బోగీల మీద పెట్టి చూస్తే బండి పొట్ట ఉబ్బినట్టు ఉంది. రెండు రోజులు అర్థం కాలేదు. బోగీ ఫ్రేము కన్నా పక్క గోడ దాదాపు అర మీటరు కెమెరా వైపుకి ఉంటుంది, ఆరేడు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ అర మీటరుకే గోడ ఏడెనిమిది శాతం పెద్దగా పడుతుంది. 22 మిల్లీమీటర్లు ఉండాల్సిన గోడ 24 అయింది. చెత్తబుట్టలోకి పోయిన రెండిట్లో అదొకటి. అప్పటి నుంచి వీలైనంత దూరం నుంచి జూమ్ చేసి తీస్తా, గోడకి కొలమానం గోడ మీదే వెతుక్కుంటా. ఎండ పక్క నుంచి పడే పొద్దున వేళ మంచిది, మిట్టమధ్యాహ్నం తీస్తే గోడ మీది నిలువు పట్టీలు గోడలో కలిసిపోతాయి.

రెండోసారి కట్టింది బాగానే వచ్చిందనుకుని మా మేనమామకి చూపించా. ఆయన టీఎక్స్‌ఆర్‌గా బిట్రగుంట, గూడూరుల్లో చేసి రిటైరయ్యాడు, అంటే ఆగిన గూడ్సు పక్కన నడుస్తూ ఒక్కో వ్యాగనూ చూసి పాస్ చెయ్యడమే ఆయన ఉద్యోగం. కళ్లజోడు పెట్టుకుని, బండిని చేతిలోకి తీసుకోకుండా బల్ల అంచుకి తల వంచి చూశాడు.

“ఎంప్టీ లోడ్ హ్యాండిల్ ఏదబ్బయ్యా?”

లేదు. అమెరికా బాక్స్‌కార్ల అలవాటులో ఆ సంగతే తట్టలేదు. మన వ్యాగన్‌కి ఖాళీగా ఉంటే ఒక బ్రేకు బలం, లోడుంటే ఇంకో బలం, మార్చే పిడి పక్కనే కనపడుతూ ఉంటుంది. నా ఫోటోలో కూడా స్పష్టంగా ఉంది, నేనే చూళ్లేదు.

“చక్రం ఎంత పెట్టావు?”

“పదిన్నర మిల్లీమీటర్లు మామా, అమెరికాది, ముప్పై ఆరు అంగుళాలది.”

కాగితం మీద లెక్కేశాడు. “అంటే 914. కొత్తది వెయ్యి ఉండాల, 906కి వస్తే కండెమ్. ఇంకో ఎనిమిది మిల్లీమీటర్లు తిరగనియ్, తర్వాత తీసేద్దాం.” అని నవ్వి, కప్లర్ దగ్గర మళ్లీ ఆగాడు. అది కిందికుందని ఆయనకి కొలవకుండానే తెలిసిపోయింది.

నిజమే. అమెరికాలో కప్లర్ ఎత్తు 34.5 అంగుళాలు, హెచ్‌ఓలో 10 మిల్లీమీటర్లు, కేడీ అనే కంపెనీ కప్లర్లు అన్నీ దానికే. మన దగ్గర ఖాళీ వ్యాగన్‌కి గరిష్ఠంగా 1,105 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 12.7. తల ఆకారం మన వ్యాగన్ల కప్లర్‌కి, అంటే సీబీసీకి, బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి కేడీలే వాడుతున్నా, ఎత్తు మాత్రం మన బండ్లన్నిటికీ పైకి జరిపా. ఇప్పుడు మన బండ్లు మన బండ్లతోనే కలుస్తాయి, అమెరికావి అమెరికావాటితోనే. పట్టా వెడల్పు దగ్గర మాత్రం రాజీ పడ్డా. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లకి 19.2 కావాలి, అమ్మే పట్టాలు 16.5. ముందు నుంచి చూస్తే బండి కాళ్లు దగ్గరకి పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పక్క నుంచి చూడండి.

నంబరు కూడా కల్పించి రాయొద్దు. పదకొండు అంకెల్లో మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు రైల్వే, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు వరస నంబరు, చివరిది సరిచూసుకునే అంకె. సరి స్థానాల అంకెలు కూడి మూడుతో గుణించి, బేసి స్థానాలవి కలిపి, ఆ మొత్తం పై పదికి చేరడానికి ఎంత తక్కువైతే అదే చివరి అంకె. నేను మొదట ఊరికే రాసిన నంబరు ఈ లెక్కకి ఆగలేదు. ఫోటోలో ఉన్న నంబరు దించుకోవడమే సుఖం.

ముప్పై ఒకటిలో నాకు బాగా ఇష్టమైనది 2009 నాటి బాక్స్‌ఎన్. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలయ్యాక, 2010లో కర్ణాటక ఎగుమతులు ఆపే దాకా ఇనప ఖనిజం రేకులు వచ్చేవి. వెంకటాచలం దగ్గర పాత ఫోనుతో తీసిన మసక ఫోటో ఒకటి నా దగ్గరుంది, అందులో వ్యాగన్లు బయటా లోపలా ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపుకి కొన్న రంగులేవీ కుదరలేదు. చివరికి అరుగులకి పూసే జాజు మెత్తగా నూరి, పొడి బ్రష్‌తో అద్దితే కుదిరింది. బొగ్గు రేకులకి దీపం మసి. లోడు కూడా తేడా, బొగ్గు అంచు దాకా నిండుతుంది, ఖనిజం బరువు కాబట్టి వ్యాగన్ సగం కూడా నిండదు, రెండు బోగీల మీద రెండు చిన్న గుట్టలుగా ఉంటుంది. ఆ గుట్టల కింద సీసం గుండ్లు దాచా.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. కిట్ ధర కన్నా పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే ఎక్కువైన రోజులున్నాయి, అందుకే ఒకేసారి నాలుగైదు తెప్పించుకుంటా. మొదట ఒక అక్యురెయిల్, తర్వాత ఒక టిచీ, ఆ రెండూ అయ్యాకే రెసిన్. నేరుగా రెసిన్‌తో మొదలుపెట్టినవాళ్లలో రెండోది కట్టినవాళ్లని నేను చూడలేదు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది ఆ 2009 రేకు వెనక తగిలించాల్సిన బ్రేక్ వ్యాన్, అంటే గార్డు పెట్టె. ఒక పక్క ఫోటో ఉంది, రెండో పక్కది లేదు. మామని అడిగితే “రెండు పక్కలా ఒకటే కదరా” అని, కాసేపాగి, “ఉండు, ఒకటేనా?” అన్నాడు. అప్పటి నుంచి పని ఆపేశా.