ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్: డిసెంబర్ చలిలో ఆరుగురం, ఒక్కొక్కరికీ ఒక్క బ్యాగే

జర్మనీలో ఎమ్మెస్ చేసేవాళ్ళు క్రిస్మస్ సెలవులకి ఎక్కువగా వేసే రూట్ ఇదే. మేము జర్మనీలోని మాగ్డెబర్గ్ ఊరి నుంచి ఆరుగురం వెళ్ళాం, బయల్దేరే ముందు పెట్టుకున్న రూల్ ఒకటే, ట్రాలీలు వద్దు, భుజానికి ఒక్క బ్యాగ్. అక్కా ఇంత చలికి ఒక్క బ్యాగ్ ఎలా సరిపోద్ది అని జూనియర్స్ అడుగుతూనే ఉన్నారు, అందుకే ఊళ్ళు, స్టేలు, ట్రైన్లు అన్నీ ఈ బ్యాగ్ వైపు నుంచే చెప్తా. గ్రూప్‌లో ఒక్కరి లగేజ్ ఎక్కువైనా మిగతా అందరూ ఆగాల్సిందే కదా.

తిరుగు ప్రయాణం బుడాపెస్ట్ నుంచి ఫ్లైట్, బ్యాగ్ సైజు దాన్ని బట్టే ఫిక్స్ అయ్యాం. రయానేర్, విజ్ ఎయిర్ లాంటి చవక ఎయిర్‌లైన్స్‌లో ఫ్రీగా ఇచ్చేది సీటు కింద పట్టే 40x30x20 సెంటీమీటర్ల బ్యాగ్ ఒక్కటే, అంటే 24 లీటర్లు. కాలేజీ బ్యాగ్ సైజు అన్నమాట.

ఇక బట్టలు. డిసెంబర్‌లో ఈ మూడు ఊళ్ళలోనూ పగలు సున్నాకి కాస్త అటూఇటూ, రాత్రికి మైనస్‌లోకి వెళ్తుంది, కానీ మెట్రోలో, షాపుల్లో, రూముల్లో హీటర్లు ఫుల్లుగా ఉంటాయి కాబట్టి మాటిమాటికీ వేసుకోవాలి, తీసెయ్యాలి. ఇంటి నుంచి అమ్మ పంపిన లావు ఊలు స్వెటర్ ఎంత వెచ్చగా ఉన్నా ఈ ట్రిప్‌కి పనికిరాదు, సగం బ్యాగ్ అదే తినేస్తుంది, పైగా లోపలికెళ్ళి విప్పితే చేత్తో మోయాలి. పల్చటి థర్మల్స్ రెండు జతలు, ఒక ఫ్లీస్, పైన గాలీ తడీ ఆపే జాకెట్, ఇంతే. జాకెట్టూ బూట్లూ జీన్సూ ఒంటిమీదే ఉంటాయి కాబట్టి బ్యాగ్‌లో చోటు అడగవు. రెండో జీన్స్ మాత్రం పెట్టొద్దు, మంచులో తడిస్తే ఒక పట్టాన ఆరదు. థర్మల్స్ రాత్రి ఉతికి హీటర్ దగ్గర వేస్తే పొద్దునకి ఆరిపోతాయి, సాక్సులూ అంతే. టర్కీ టవల్ బదులు మన పల్చటి తుండుగుడ్డ తీసుకెళ్ళండి, మడిస్తే గుప్పెడంత అవుతుంది, ఈ ట్రిప్‌లో నాకు బాగా నచ్చిన వస్తువు అదే.

అందరికీ పనికొచ్చేవి పంచుకున్నాం. మందులు ఒకరు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకరు, టూత్‌పేస్ట్, వాజలిన్ ఒకరు. జర్మనీ ఛార్జర్లే చెక్, ఆస్ట్రియా, హంగరీ మూడు దేశాల్లోనూ పనిచేస్తాయి, అడాప్టర్ అక్కర్లేదు. తిండికి కారప్పొడి, కందిపొడి చాలు, పచ్చడి సీసా పెడితే చాలా ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీలో ద్రవాలకుండే 100 మిల్లీలీటర్ల రూల్ దానికీ వర్తిస్తుంది.

చెక్ సరిహద్దు వైపున్న డ్రెస్డెన్ వరకు డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతా లోకల్, రీజినల్ ట్రైన్లకి పనికొచ్చే నెలవారీ పాస్) మీద రీజినల్ ట్రైన్లే, మారడాలు ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటే ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తొచ్చు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, ఎల్బే నది, కొండలు పక్కనే వస్తాయి, అస్సలు నిద్రపోవద్దు.

ప్రాగ్‌లో దిగిన హాస్టల్‌లో చెకిన్ మధ్యాహ్నం 3కి, లగేజ్ రూమ్ అప్పటికే నిండిపోయింది, రిసెప్షన్‌లో అడిగితే పట్టించుకునేవాళ్ళే లేరు. సరే అని బ్యాగులు భుజానేసుకునే చార్లెస్ బ్రిడ్జి మీదకి వెళ్ళిపోయాం. 1357లో కట్టడం మొదలెట్టిన వంతెన, దాని చుట్టూ వీధులన్నీ రాళ్ళు పరిచినవే, ట్రాలీలు లాగేవాళ్ళ అవస్థ చూస్తే పాపం అనిపించింది. హాస్టల్ లాకర్‌కి తాళం మనదే ఉండాలి, తువ్వాలుకి విడిగా డబ్బులు. ఊరు మాత్రం చాలా అందంగా ఉంది, వెజ్ వాళ్ళకి స్మజెని సీర్ అని చీజ్ వేపుడు దొరుకుతుంది, పొడి చల్లుకుని తిన్నాం.

వియన్నాకి ట్రైన్ నాలుగు గంటలు. అక్కడ హాస్టల్ కాకుండా వాషింగ్ మెషీన్, కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, ఆరుగురికి పంచితే హాస్టల్ రేటుకి పెద్ద తేడా లేదు, మధ్యలో ఒకసారి బట్టలన్నీ ఉతకడం కుదిరింది కాబట్టే రెండు జతలతో ట్రిప్ మొత్తం గడిచింది. గ్రూప్‌గా వెళ్ళేవాళ్ళకి నా ఓటు దీనికే. నీళ్ళ బాటిల్ కొనొద్దు, కుళాయి నీళ్ళే ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, 1873 నుంచీ అంతే. క్రిస్మస్ మార్కెట్లో కప్పుకి డిపాజిట్ ఉంటుంది, తిరిగిచ్చి తీసుకోండి.

బుడాపెస్ట్‌లో సెచెని బాత్స్ అనే వేడినీళ్ళ స్నానాల కొలనుల కోసమే వెళ్ళినా తప్పులేదు. 1913 నాటి కట్టడం, బయట ఒళ్ళు వణికే చలి, కొలనులో నీళ్ళు వేడివేడిగా, పైన ఆవిరి, ఎంతసేపున్నా బయటికి రాబుద్ధి కాలేదు. స్విమ్ డ్రెస్, హవాయి చెప్పులు మనవే ఉండాలి, ఆ చెప్పులే హాస్టల్ బాత్రూమ్‌కీ వాడుకోవచ్చు. అక్కడికి తీసుకెళ్ళే ఎం1 మెట్రో 1896 నాటిది, స్టేషన్లలో ఎక్కువగా మెట్లే. ఏడో డిస్ట్రిక్ట్‌లో రూమ్ తీసుకోవద్దు, అర్ధరాత్రి దాటినా బార్ల గోల తగ్గదు.

తేదీలు ముందే చూసుకోండి. వియన్నా రాట్‌హౌస్ (సిటీ హాల్) ముందుండే క్రిస్మస్ మార్కెట్ డిసెంబర్ 26తో అయిపోతుంది, ప్రాగ్‌ది జనవరి 6 దాకా ఉంటుంది. 24 మధ్యాహ్నం నుంచి షాపులు మూసేస్తారు, బుడాపెస్ట్‌లో అయితే సాయంత్రానికి మామూలు బస్సులు, మెట్రో కూడా ఆగిపోయి రాత్రి సర్వీసులే నడుస్తాయి, కాబట్టి ఆ రోజు బియ్యం, పప్పు ముందే కొనిపెట్టుకోండి. నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున్నే బయటపడాలి. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు మాత్రం బ్యాగ్‌లో కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, షెంగెన్ (మామూలుగా బోర్డర్ చెకింగ్ లేని యూరప్ దేశాల గుంపు) లోపలే తిరిగినా బోర్డర్ దగ్గర బస్సులు ఆపి చూస్తుంటారు.