హెర్2 పరీక్ష: ఐహెచ్‌సీనా, ఫిష్షా?

రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులో ‘హెర్2: 2+’ అని కనిపించగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. హెర్2 అంటే కణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్, దాన్ని తయారుచేసే జన్యువు పేరూ అదే. 2+ అంటే పాజిటివూ కాదు, నెగెటివూ కాదు. ఫిష్ (FISH) అనే జన్యు పరీక్షతో పని పడేది అక్కడే.

ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, కణజాలానికి రంగు పట్టించి చూసే పరీక్ష) చూసేది కణం పైపొర మీదున్న హెర్2 ప్రొటీన్‌ను. యాంటీబాడీ అతుక్కున్న చోట గోధుమ రంగు వస్తుంది. పెథాలజిస్టు దాన్ని మైక్రోస్కోపులో చూసి 0 నుంచి 3+ వరకు గ్రేడు వేస్తారు. ఫలితం త్వరగా వస్తుంది, ఖర్చూ తక్కువే. కానీ కంటితో వేసే అంచనా కాబట్టి 1+, 2+ దగ్గర ఇద్దరు నిపుణుల మధ్యే తేడా రావచ్చు. కణజాలాన్ని, అది పాడవకుండా కాపాడే ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే రెండు పరీక్షలూ దెబ్బతింటాయి.

ఫిష్ ప్రొటీన్ జోలికి పోదు, జన్యువునే లెక్కపెడుతుంది. మైక్రోస్కోపులో మెరిసే చుక్కలుగా కనిపించే హెర్2 జన్యువు కాపీలను, ఆ జన్యువు ఉండే 17వ క్రోమోజోమ్ సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము భాగం) చుక్కలతో పోలుస్తారు. నిష్పత్తి 2 లేదా అంతకు మించి, కణానికి సగటున కనీసం 4 కాపీలు ఉంటే పాజిటివ్.

మరి నేరుగా ఫిష్షే చేయించొచ్చుగా? నా మటుకు ఐహెచ్‌సీతో మొదలుపెట్టడమే మేలు. 3+ అంటే పాజిటివ్; అది వస్తే హెర్2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టడానికి ఫిష్ అక్కర్లేదు. అమెరికాలో ఆ మందుకు 1998లోనే అనుమతి వచ్చింది. పైగా 2022లో అక్కడే ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌ను, అంటే ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు జోడించిన మందును, వ్యాధి ఇతర భాగాలకు పాకిన ‘హెర్2-లో’ (HER2-low, హెర్2 తక్కువగా ఉన్న) రోగులకూ అనుమతించారు. అంటే 1+ వచ్చినవారు, లేదా 2+ వచ్చి ఫిష్ నెగెటివ్ అయినవారు. 0కీ 1+కీ ఉన్న తేడా ఫిష్‌లో తెలియదు.