పదిహేనేళ్ల డీ90 కెమెరాకి షట్టర్ మార్పించాను: కోఠి రిపేరు షాపు ఎలా ఉందంటే

పోయిన సంక్రాంతికి కొవ్వూరు వెళ్ళినప్పుడు మా పాత నికాన్ డీ90 మొరాయించింది. భోగి నాడు పిల్లలకి భోగిపళ్ళు పోస్తుంటే బానే తీశాను, కనుమ రోజు మేడ మీద ఎండలో తీసిన ఫోటోల్లో పై అంచున నల్లటి పట్టీ పడింది, ఇదేంటి అనుకుంటూ ఇంకో రెండు నొక్కేసరికి లోపల ఏదో ఇరుక్కున్న శబ్దం వచ్చి, పైనుండే చిన్న తెర మీద ఎర్రర్ గుర్తు కొట్టుకోవడం మొదలైంది. ఆపి ఆన్ చేశా, బ్యాటరీ తీసి పెట్టా, లెన్స్ మార్చా. లాభం లేదు.

ఈ కెమెరా 2010లో కొన్నాను. 2015 గోదావరి పుష్కరాల్లో గోష్పాద క్షేత్రం రేవులో అమ్మని దీంతోనే తీశాను. తడి చీరతో, అరటి దొప్పలో దీపం రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి వంగి ఉంటుంది, వెలుగు గడ్డం మీద, ముక్కుపుడక మీద మాత్రమే పడింది. ఆ ఫోటో మా హాల్లో ఉంది. అమ్మ ఇప్పుడు లేదు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, అదే రేవులో ఇదే కెమెరాతో తీయాలని నాకుంది. బాగు చేయించాలా, మార్చేయాలా అని ఆలోచించినప్పుడు డబ్బు లెక్కతో పాటు ఇది కూడా నా మనసులో ఉంది, దాచను.

హైదరాబాద్ వచ్చాక ముందు ఒక పెద్ద సర్వీస్ కౌంటర్‌లో ఇచ్చా. చూడటానికే అయిదు వందలు కట్టించుకుని, మూడు రోజులకి ఫోన్ చేసి ‘ఈ మోడల్‌కి పార్ట్స్ రావట్లేదు సార్, ఎక్స్‌ఛేంజ్‌లో పదిహేను వందలు ఇస్తాం’ అన్నారు. అసలు పోయింది ఏ పార్ట్ అని రెండు సార్లు అడిగా, చెప్పలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఏది పోయిందో తెలియకుండా రిపేరా, కొత్తదా అని ఎలా తేల్చుకుంటాం?

ఆఫీసులో ఒకాయన చెబితే కోఠిలో ఒక చిన్న షాపుకి వెళ్ళాను. ఇరుకు మెట్లెక్కితే ఒకే గది. టేబుల్ మీద పచ్చ రబ్బరు మ్యాట్, పక్కన ఒక ఇడ్లీ ప్లేటు, దాని ఒక్కో గుంటలో కెమెరాలో ఒక్కో చోట తీసిన స్క్రూలు. యాభై దాటిన అన్న ఒకాయన లెన్స్ విప్పి, లోపలి అద్దాన్ని సన్న పుల్లతో మెల్లగా పైకెత్తి, టార్చి వేసి నన్ను చూడమన్నాడు. అద్దం వెనక సన్నటి నల్ల రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అవే షట్టర్. అందులో ఒక రేకు గాడిలోంచి బయటికొచ్చి, మూల దగ్గర వంగిపోయి ఉంది. ‘గిదే పోయిందన్నా. ఇగ నొక్కకు. ఈ రేకు ఎనకకు పోయి సెన్సార్ మీద గీసిందంటే ఇగ కెమెరా పక్కన పెట్టుడే’ అన్నాడు. సెన్సార్ అంటే ఆ రేకుల వెనకుండే, ఫోటో పడే భాగం. ఇంటి దగ్గర నేను కనీసం ముప్పై సార్లు నొక్కి ఉంటాను. ఎర్రర్ వస్తే మీరు మాత్రం ఆ పని చేయకండి.

చూసినందుకు పైసా తీసుకోలేదు. నా ఆఖరి ఫోటోని ల్యాప్‌టాప్‌లో పెట్టి అందులో దాగి ఉండే షట్టర్ లెక్క కూడా చూపించాడు, 1,12,000 దాటింది. డీ90 షట్టర్‌ని కంపెనీ లక్ష క్లిక్కుల వరకు పరీక్షించింది. అంటే ఆ రేకులు తమ వంతు కన్నా ఎక్కువే చేశాయి.

ఆయన చెప్పిన ఖర్చు 4,500. బోర్డు కాలిపోయిన ఇంకో డీ90 ఆయన దగ్గరుంది, దాని షట్టర్ తీసి ఇందులో వేస్తాడు, సెన్సార్ శుభ్రం చేస్తాడు, నెల గ్యారంటీ. వాడిన పార్టే వేస్తానని అడగకముందే చెప్పాడు, నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. సెకండ్ హ్యాండ్ డీ90 బాడీకి, అంటే లెన్స్ లేని ఉత్త కెమెరాకి, నన్ను తొమ్మిది వేలు అడిగారు, కానీ దాని షట్టర్ ఎంత అరిగిందో మనకేం తెలుసు? లోపల అద్దం ఉండని కొత్త మిర్రర్‌లెస్ కెమెరా అంటే లెన్స్‌తో కలిపి అరవై, డెబ్బై వేలు పెట్టాలి. పోనీ పెడదామన్నా లెన్సుల సంగతి ఒకటుంది, చాలామంది కొన్నాక గానీ చూసుకోరు. నా దగ్గరున్న 50 ఎంఎం 1.8డీ లెన్సులో మోటారు ఉండదు, డీ90 బాడీలో ఉండే మోటారే దాన్ని తిప్పి ఫోకస్ చేస్తుంది. డీ3500, డీ5600 లాంటి నికాన్ కెమెరాల్లో ఆ మోటారు లేదు, నికాన్ మిర్రర్‌లెస్‌లైన జెడ్ సిరీస్‌కి పాత లెన్సుల కోసం ఉండే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టి తగిలించినా ఈ లెన్సుకి ఆటోఫోకస్ రాదు. అమ్మ ఫోటో తీసింది ఆ లెన్సుతోనే. బాడీ మారిస్తే దాన్ని కూడా అటక మీద పెట్టాల్సి వచ్చేది.

అందరూ నాలాగే చేయాలని చెప్పను. వీడియో తీయగలిగిన మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల డిజిటల్ కెమెరా) ఇదే, 2008లో వచ్చింది, అయితే ఇందులో హెచ్‌డీ క్లిప్ అయిదు నిమిషాలు దాటదు, రికార్డింగ్ జరుగుతుండగా ఆటోఫోకస్ ఉండదు. వీడియోలు, రీల్స్ కావాలంటే దీని మీద రూపాయి కూడా పెట్టొద్దు. నీళ్ళలో పడినవి, మెయిన్ బోర్డు పోయినవి, సెన్సార్ దెబ్బతిన్నవి కూడా వదిలేయడమే మేలని అన్నే చెప్పాడు. నా ముందే ఒకబ్బాయి సముద్రపు నీళ్ళలో తడిసిన కెమెరా తెస్తే, ‘చేస్తా, పైసలు తీసుకుంటా, మూడు నెల్లకు మళ్ల తుప్పు పడుతది, ఎందుకు చెప్పు’ అని పంపేశాడు. వచ్చిన బేరం వదులుకునే షాపు నేను ఎక్కువ చూడలేదు.

ఇక ఇబ్బంది పెట్టిన విషయాలు. వారం అన్నాడు, పద్దెనిమిది రోజులు పట్టింది. ఫోన్ ఎత్తడు. రెండు సార్లు ఆఫీసుకి పర్మిషన్ పెట్టి మరీ వెళ్తే ‘రేపు’ అన్నాడు, అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను. ఇచ్చిన చీటీ మీద ‘నికాన్ 1’ అని తప్ప ఏమీ లేదు, నేనే అడిగి సీరియల్ నంబర్, పోయిన పార్ట్, ఒప్పుకున్న రేటు రాయించుకున్నాను. బిల్లు లేదు, డబ్బు చేతికే ఇవ్వాలి.

చేతికొచ్చాక ఆత్రంగా ఇంటికి తెచ్చేసుకోకుండా అక్కడే తెల్ల గోడని సెకనులో 4000వ వంతు స్పీడులో తీశా, పట్టీ లేదు. సెకనులో 200వ వంతులో ఫ్లాష్ వేసి తీశా, శుభ్రంగా వచ్చింది. ఇంటికొచ్చి న్యూస్‌పేపర్ గోడకి అంటించి 50 ఎంఎంతో తీస్తే మాత్రం అక్షరాలు కొంచెం మసకగా ఉన్నాయి, లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ ఫోకస్ చేస్తే అవే అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. మామూలుగా తీసేటప్పుడు ఫోకస్ అద్దం ద్వారా తేలుతుంది, లైవ్ వ్యూలో నేరుగా సెన్సార్ మీదే. షట్టర్ మార్చడానికి అద్దం ఉండే భాగమంతా విప్పుతారు కదా, తిరిగి బిగించేటప్పుడు కొద్దిగా తేడా వచ్చినా ఇలా అవుతుంది. డీ90 మెనూలో ఫోకస్‌ని సరిచేసుకునే ఆప్షన్ లేదు, షాపులోనే చేయాలి. మళ్ళీ తీసుకెళ్ళా. ఏమీ వాదించకుండా, పేపర్ చూసి, నన్ను గంట కూర్చోబెట్టి, టీ తెప్పించి సరిచేసి ఇచ్చాడు. దీనికి వేరే డబ్బు అడగలేదు.

ఆరు నెలలు దాటింది. మూడు వేల ఫోటోలు తీశాను, మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాం కూడా. షాపుకి అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ తగ్గించింది టైముకి ఇవ్వనందుకు.

వెళ్ళాలనుకుంటే ముందు ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. డీ90 లాంటి పాత మోడల్స్ 64 జీబీ కార్డుల్ని తీసుకోవు, 32 జీబీ పెట్టి చూడండి. లెన్స్ వెనకుండే బంగారు రంగు పిన్నుల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. కెమెరాలో తేదీ మాటిమాటికీ పోతుంటే ఛార్జ్ చేసిన బ్యాటరీని రెండు రోజులు లోపలే ఉంచండి. మీరే విప్పుదామని మాత్రం అనుకోవద్దు, లోపలి ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, కెమెరా ఆపేసినా షాక్ కొట్టగలదు. షాపుకి మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి, పొద్దున తాళం వేసి ఉంటుంది. కార్డు తీసేసుకోండి, బ్యాటరీ మాత్రం తీసుకెళ్ళండి, అది లేకపోతే ఆయన ఏమీ చూడలేడు.