మగవాళ్ల రొమ్ములో గడ్డ: ముందు మామోగ్రామా, అల్ట్రాసౌండా?

రొమ్ములో గడ్డ తగిలితే హైదరాబాద్‌లో చాలామంది మగవాళ్లు అల్ట్రాసౌండ్ చేయించుకుని ఊరుకుంటారు. అది దగ్గర్లోనే దొరుకుతుంది, మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) గది బయట ఆడవాళ్ల మధ్య కూర్చునే మొహమాటమూ ఉండదు. పాతికేళ్లలోపు వాళ్లకి ఆ వరసే సరైంది. పాతికేళ్లు దాటాక మాత్రం, డాక్టర్ చేత్తో చూసి తేల్చలేకపోతే, ముందు మామోగ్రామే మేలు.

ఎందుకంటే మగవాళ్లలో ఇలాంటి గడ్డ ఎక్కువగా గైనెకోమాస్టియానే, అంటే క్యాన్సర్ కాని రొమ్ము గ్రంథి పెరుగుదలే. మామోగ్రామ్‌లో అది చనుమొన వెనక నుంచి మంటలా విచ్చుకుని, అంచుల్లో కొవ్వులో కలిసిపోతుంది. క్యాన్సర్ అయితే చిక్కటి తెల్లటి ముద్దగా, తరచు చనుమొనకి ఓ పక్కగా ఉంటుంది. ఉత్త కొవ్వే అయితే వెంటనే తెలిసిపోతుంది. అల్ట్రాసౌండ్‌లో ఇంత స్పష్టత రాదు. పాతబడి గట్టిపడిన గైనెకోమాస్టియా నల్లగా, గరుకు అంచులతో, వెనక నీడతో క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. అక్కర్లేని బయాప్సీలు (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్షలు) కొన్ని ఇలాగే మొదలవుతాయి.

మగవాళ్ల రొమ్ము మిషన్‌లో పట్టదన్నది అపోహ. రెండు వైపులా, ఒక్కో రొమ్ముకి రెండు కోణాల్లో తీయాలి, పోల్చి చూడ్డానికి అదే ఆధారం. గడ్డ మీద చిన్న లోహపు పూస అంటించమని అడగండి. ఆ రోజు పౌడర్, డియోడరెంట్ వద్దు. వాటి రేణువులు ఫిల్మ్‌లో, క్యాన్సర్ అనుమానం కలిగించే కాల్షియం చుక్కల్లా కనిపిస్తాయి. చీటీ మీద 'ఛాతీ' అని రాస్తే ఛాతీ ఎక్స్‌రే తీసి పంపేస్తారు, 'రొమ్ము' అనే ఉండాలి.

మామోగ్రామ్‌లో అనుమానం వచ్చినా, గడ్డ ఫిల్మ్‌లోకి రాకపోయినా అప్పుడు అల్ట్రాసౌండ్ కావాలి. చంకలో గ్రంథులు చూడ్డానికి, బయాప్సీ సూదికి దారి చూపడానికి దాన్ని మించింది లేదు. హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్‌తోనే చేయాలి, పొట్టకి వాడేది పనికిరాదు. మగవాళ్లలో మామూలు నీటితిత్తి అరుదు, కాబట్టి రిపోర్టులో 'సిస్ట్' అని, లోపల గట్టి భాగం ఉందని రాస్తే దయచేసి వదిలేయకండి, బయాప్సీ చేయించండి.

యవ్వనంలోకి వస్తున్న పిల్లాడికి చనుమొన కింద నొప్పిగా, రబ్బరులాంటి బిళ్ల తగిలినా, స్పైరోనోలాక్టోన్ (గుండె, బీపీ జబ్బులకిచ్చే మందు) వాడుతున్న పెద్దాయనకి రెండు వైపులా అలాగే ఉన్నా సాధారణంగా ఏ స్కానూ అక్కర్లేదు. ఎంఆర్ఐతో మొదలుపెట్టాల్సిన పని ఎవరికీ లేదు.

చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా మాత్రం ఆలస్యం వద్దు. ఇంట్లో ఎవరికైనా బీఆర్‌సీఏ2 (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే) జన్యు మార్పు ఉంటే ముందే చెప్పండి. బయాప్సీ అవసరమైతే, సన్నసూదితో కణాలు లాగే ఎఫ్ఎన్ఏసీ కన్నా లావు సూదితో (14 గేజ్) ముక్క తీసే కోర్ బయాప్సీ మంచిది, క్యాన్సర్ హార్మోన్లకి స్పందిస్తుందా అని చూసే రిసెప్టర్ పరీక్షలకి సరిపడా కణజాలం దాంతోనే వస్తుంది.