ఏఐ బిల్లింగ్ సాఫ్ట్‌వేరా, మామూలుదా?

చిన్న షాపు నడిపేవాళ్లకు ఇప్పుడు ఇదో టెన్షన్.

ఖర్చు: మామూలువి ఒకేసారి కొనుక్కునేవీ దొరుకుతాయి. ఏఐ పేరున్నవి ఎక్కువగా చందా కట్టాల్సినవే.

శ్రమ: రెండింట్లోనూ సరుకులు, జీఎస్టీ రేట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది మీరే.

రిస్క్: ఇక్కడే జాగ్రత్త, ఏఐ అని పేరు పెట్టిందల్లా ఏఐ కాదు. స్టాకు 10 కంటే తగ్గితే గుర్తుచేయడం ఏఐ కాదు, ఎక్సెల్‌లోనూ పెట్టుకోవచ్చు. పాత అమ్మకాలు చూసి సంక్రాంతికి ఎంత బెల్లం తెప్పించాలో అంచనా వేస్తే, దాన్ని ఏఐ అనొచ్చు. ఏఐ వాడకంపై తప్పుడు ప్రచారం చేసుకున్నందుకు 2024 మార్చిలో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ రెండు పెట్టుబడి సలహా సంస్థలకు మొత్తం 4 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

వందల రకాల సరుకు, కొన్నేళ్ల అమ్మకాల లెక్కలు ఉంటే ఏఐది తీసుకోండి, అదీ మీ లెక్కలతోనే డెమో చూశాక. ఒక్క కౌంటరు కొట్టుకు మామూలుదే మేలు.